దులుపుడు గది

మా వదినని ఆసుపత్రికి తీసుకెళ్లింది అంబులెన్సులో కాదు, బట్టల ట్రాలీలో.

ట్రాలీ ఆసుపత్రిదే. అందులో పరిచిన దుప్పటీ ఆసుపత్రిదే. దుప్పటి మూలన నీలం ముద్ర కూడా వాళ్లదే. దాన్ని ఉతికింది మాత్రం మా వదిన. లాండ్రీ వెనక తలుపు నుంచి ఆసుపత్రి గోడ చుట్టూ తిరిగి, గుంతల రోడ్డు మీద అన్నయ్య లాగుతుంటే నేను తోశాను. వదిన మోకాళ్లు ముడుచుకుని పక్కకి తిరిగి పడుకుంది. ఊపిరి తీసినప్పుడల్లా చిల్లుపడ్డ తిత్తిలా చప్పుడు.

"మెల్లగా తొయ్యవే," అంది. "ఇందులో ఉన్నది మురికిబట్టలు కాదు, మనిషి."

అంత జబ్బులోనూ ఆవిడ నోరు మూతపడలేదు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను కర్ర అడ్డం పెట్టాడు. ముఖానికి ప్లాస్టిక్ రేకు, చేతులకి తొడుగులు. మమ్మల్ని రోజూ చూసేవాడే, రోజూ పలకరించేవాడే.

"కార్డు?" అన్నాడు.

"ఏం కార్డు? నేనెవరో తెలీదా నీకు?" అన్నాడు అన్నయ్య.

"తెలుసన్నా. ఆరోగ్య సిబ్బంది కార్డుంటే ఎడమపక్క బ్లాకు. మంచాలు ఖాళీగా ఉన్నాయి. లేకపోతే కుడిపక్క లైను."

కుడిపక్క లైను వీధి మలుపు దాటి పోయింది. కుర్చీల్లో కొందరు, నేలమీద కొందరు, ఆటోల్లో కొందరు. ఎవరో ఇంటి తలుపు ఊడదీసి దాని మీద తండ్రిని పడుకోబెట్టి మోసుకొచ్చారు. ఎడమపక్క బ్లాకు కిటికీలోంచి వరసగా మంచాలు కనిపిస్తున్నాయి. ఒక్కదాని మీద కూడా మనిషి లేడు. తెల్లటి దుప్పట్లు, అంచులు పరుపు కిందికి దోపి. ఆ మడత చూడగానే గుర్తుపట్టాను. ఆ ఇస్త్రీ నాది.

"బాబూ, ఆ మంచం మీద దుప్పటి మేం ఉతికిందే," అన్నాను.

"నాకు తెలుసక్కా. లోపలివాళ్లకి తెలియాలిగా," అని మొహం తిప్పుకున్నాడు. అతను దుర్మార్గుడు కాడు. మమ్మల్ని లోపలికి పంపితే రేపు అతనూ కుడిపక్క లైనులో నిలబడాలి. అంతే.

వదిన కింద ఉన్న దుప్పటిని వేలితో రుద్ది చూసింది. "ఎవరే ఉతికింది? మరక పోనే లేదు." అవే ఆవిడ చివరి మాటలు. మధ్యాహ్నం కాకముందే ఊపిరి ఆగిపోయింది. మా లైను అప్పటికి ఇంకా మలుపు దగ్గరే ఉంది.

ఆ తర్వాత జరిగింది వినండి. లోపలి నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. వదినని నల్ల సంచిలో పెట్టారు. ఆవిడ కింది దుప్పటిని లాగి ఎర్ర సంచిలో కుక్కారు.

"అదెందుకు తీసుకెళ్తున్నారు?" అన్నాడు అన్నయ్య.

"ఆసుపత్రి సామాను కదా. లాండ్రీకి పంపాలి."

*

ఆసుపత్రి అంటే డాక్టర్లు, నర్సులు, మందులు అనుకుంటారు మీరు. ఒక్కసారి మంచం మీద దుప్పటి లేకుండా ఊహించుకోండి. ఎవరి ఒంట్లోంచి ఏది కారినా చివరికి చేరేది మా చేతుల్లోకే.

ఒకప్పుడు లాండ్రీ ఆసుపత్రి ఆవరణలోనే ఉండేది. మేమూ ఆసుపత్రి మనుషులమే. తర్వాత ప్రభుత్వం లాండ్రీని కాంట్రాక్టరుకి అప్పగించింది. అతను చేసిన మొదటి పని మధ్యలో గోడ కట్టడం. అదే షెడ్డు, అవే మిషన్లు, అవే చేతులు. గోడకి అటువైపు వాళ్లు ఆరోగ్య సిబ్బంది. ఇటువైపు ఉన్న మేం ఎవరమో ఎవరికీ తెలీదు. మహమ్మారి వచ్చాక ప్రభుత్వం ఒక రక్షణ పథకం తెచ్చింది. డాక్టరు, నర్సు, వార్డు ఊడ్చే మనిషి, అంబులెన్సు డ్రైవరు... వీళ్లకి జబ్బు చేస్తే మంచం ఖాయం, మాస్కులు ఖాయం, పోతే ఇంట్లోవాళ్లకి సాయం ఖాయం. ఆ జీవోలో మా పని పేరు లేదు.

షెడ్డులో మొదటిది దులుపుడు గది. గోడలో ఒక కంత ఉంటుంది. అందులోంచి మూటలు జారి పడతాయి. ఇద్దరేసి మనుషులు ఒక్కో దుప్పటి నాలుగు మూలలూ పట్టుకుని, పైకెత్తి, ఫట్‌మని దులుపుతారు. దుప్పట్లో ఏముంటుందో ఎవరికి తెలుసు? కత్తెర ఉంటుంది, సూది ఉంటుంది. అవి మిషన్లో పడితే డ్రమ్ము చిల్లుపడుతుంది. డ్రమ్ము చిల్లుపడితే దులిపిన ఇద్దరి ఉద్యోగమూ పోతుంది. అది కాంట్రాక్టరు నియమం. మాకూ ఒక నియమం ఉంది. దులిపితే రాలిన కళ్లజోడు, కట్టుడుపళ్లు, ఉంగరం, పిల్లల బొమ్మ... ఏదైనా సరే మేం ముట్టుకోం. కిటికీ గూట్లో పెడతాం. ఎవరో ఒకరు వెతుక్కుంటూ వస్తారు. మహమ్మారి వచ్చాక ఎవరూ రాలేదు. గూడు దాదాపు నిండిపోయింది.

దులపడంలో వదినని మించిన మనిషి లేదు. ఆవిడ దులిపితే గోడ అవతల వార్డులో పసిపిల్లలు ఉలిక్కిపడేవారట. అందుకే షెడ్డంతా ఆవిడని తుపాను అనేది. "గట్టిగా దులపండే, తింటున్నారా లేదా? రోగం రాలిపోవాలి!" అని అందరినీ అదిలించేది. మేమూ అదే నమ్మాం. ఎంత గట్టిగా దులిపితే దుప్పటి అంత శుభ్రం. మహమ్మారి ముదిరినకొద్దీ ఇంకా గట్టిగా దులిపాం.

వదిన పోయిన మర్నాడు సూపర్‌వైజరు ఇస్త్రీ రోలరు దగ్గరికి వచ్చాడు. ముక్కుకి రెండు మాస్కులు, చేతిలో శానిటైజరు సీసా.

"మీ వదిన చోటు ఖాళీగా ఉంది. నువ్వెళ్లి నిలబడు."

"నిన్ననేగా పోయింది సార్. ఒక్క రోజు..."

"దుప్పట్లు ఆగుతాయా? అవతల మంచాలు ఆగుతాయా? సేవ అమ్మా ఇది, సేవ!"

జీతం అడిగితే మాది కూలిపని. సెలవడిగితే సేవ.

వెళ్లి నిలబడ్డాను. ఎదురుగా పెద్దమ్మ. మా షెడ్డులో అందరికన్నా పెద్దది, అందరికీ పెద్దమ్మే. ఎర్ర సంచి విప్పాం. దుప్పటి తీశాం. నాలుగు మూలలు పట్టి ఎత్తాం. ఫట్! ఏదో టింగుమని రాలి నా కాలి దగ్గర పడింది.

హెయిర్‌పిన్ను. ఒక కొస వంకరపోయింది. ఆ వంకర నాకు తెలుసు. పని చేస్తూ పిన్ను పళ్లతో కొరికే అలవాటు ఒక్కరికే ఉండేది.

పెద్దమ్మ నా మొహం చూసింది. వంగి పిన్ను తీసింది. కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది. తర్వాతి దుప్పటి ఎత్తాం.

"ఆపండి! ఆపండమ్మా! ఏం చేస్తున్నారు మీరు?"

గుమ్మంలో ఒకావిడ నిలబడి కేక పెట్టింది.

*

ఆవిడ గోడ అవతలి డాక్టరమ్మ. ఆరోగ్య హక్కుల వేదికలో పనిచేస్తుంది. లైనులో చనిపోయిన వాళ్ల వివరాలు కూడబెడుతూ మా వదిన సంగతి విని వచ్చింది. రావడం రావడం ఆ గది చూసింది. లోపలికి అడుగు పెట్టలేదు. మమ్మల్నే బయటికి రమ్మంది.

బట్టలారేసే పెరట్లో సమావేశం పెట్టాం. తీగల మీద దుప్పట్లు ఆరుతున్నాయి. వరసకొకరం నిలబడ్డాం. గాలికి దుప్పటి లేచినప్పుడు మనిషి కనిపిస్తాడు, దిగితే మాట మాత్రం వినిపిస్తుంది. అన్నయ్య బాయిలరు వదిలి వచ్చాడు. మొహాన మసి అలాగే ఉంది.

డాక్టరమ్మ సూటిగా అడిగింది. "పిండి డబ్బా మూత తీసి గట్టిగా ఊదితే పిండి ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికేంటి, మన మొహం మీదికే," అంది పెద్దమ్మ.

"దుప్పటి దులిపినా అంతే."

దుప్పట్లు లేచాయి, దిగాయి.

"అంటే," అన్నాడు అన్నయ్య మెల్లగా, "దులపడం వల్లే పోయిందా?"

"ఒక్కటే కారణం అని చెప్పలేను. కానీ ఆ సంచి అసలు విప్పకూడదు. సంచితో సహా మరిగే నీళ్లలో వెయ్యాలి. కత్తెరలూ సూదులూ వార్డులోనే చూసి తీసెయ్యాలి. రాసిపెట్టిన పద్ధతి అదే. మీకెవరూ చెప్పలేదా?"

"మాకెవరు చెప్తారమ్మా?" అన్నాడు అన్నయ్య. "మేం గోడకి ఇటు ఉన్నాం."

పెద్దమ్మ అక్కడే కూలబడింది. "గట్టిగా దులుపుతావే పిల్లా అని మెచ్చుకునేదాన్ని. మెచ్చుకుని మెచ్చుకుని చంపుకున్నాను."

అన్నయ్యకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "దులపం. ఈ క్షణం నుంచి ఎవరూ దులపరు."

"మరి డ్రమ్ములో సూది పడితే?" అన్నారు ఎవరో దుప్పటి వెనక నుంచి. "ఉద్యోగం నువ్విస్తావా? ఇంట్లో ముగ్గురు పిల్లలు నాకు."

"పిల్లలకి అమ్మ అక్కర్లేదా?"

"అమ్మ కావాలి, అన్నమూ కావాలి! నీకు పోవడానికింకేం మిగల్లేదు, అందుకే మాట్లాడుతున్నావ్."

ఆ మాటకి అన్నయ్య తల దించుకున్నాడు. ఆ మాట అన్నావిడ కూడా నాలుక కరుచుకుంది. డాక్టరమ్మే అందుకుంది. ఇది ఒక్క షెడ్డు సమస్య కాదంది. ప్రతి ఆసుపత్రి వెనకా ఇలాంటి గోడ ఉందంది. జీవోలో మార్పుల కోసం ప్రభుత్వం సలహాల సభ పెడుతోందనీ, ఆ జీవోలోకి మా పని ఎక్కితే మంచమూ వస్తుంది, పద్ధతీ వస్తుందనీ చెప్పింది.

"అడిగితే ఇస్తారా?" అన్నాను.

ఆవిడ అబద్ధమాడలేదు. "తెలీదు. అడక్కపోతే మాత్రం ఇవ్వరు."

అన్నయ్య దగ్గి గొంతు సవరించుకున్నాడు. అందరం ఒకేసారి అతని వైపు చూశాం.

"బాయిలరు పొగలే," అన్నాడు. "చూపులు మార్చుకోండి, నాకేం కాలేదు."

నిజానికి అప్పటికి పొగే. కానీ ఆ చూపులు నాకు అర్థమయ్యాయి. అందరి మనసులోనూ ఒకటే ప్రశ్న. వీడు పడిపోతే మళ్లీ ట్రాలీయేనా?

ఆ సాయంత్రమే సూపర్‌వైజరుకి చెప్పాం. నవ్వాడు. "వార్డులో చూసి పంపండి అని ఆసుపత్రికి నేను పాఠాలు చెప్పాలా? చెప్తే కాంట్రాక్టు ఉంటుందా? దులపడానికి చేతులు నొప్పైతే చెప్పండి, వేరే చేతులు తెచ్చుకుంటాను."

సభ రోజు దాకా దులిపాం. తెలిసీ దులిపాం. తెలియక దులిపిన రోజులు ఎంత సుఖమో అప్పుడు అర్థమైంది. కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి, మొహం పక్కకి తిప్పి దులిపేవాళ్లం. ఆ రోజుల్లోనే ఇంకో ఇద్దరు పడిపోయారు. ఇద్దరూ కుడిపక్క లైనుకే వెళ్లారు. ఒకరు తిరిగొచ్చారు.

*

సభ పెద్ద హాల్లో. కుర్చీలు దూరదూరంగా వేశారు. గుమ్మంలో నుదుటికి తుపాకీలాంటిది పెట్టి వేడి చూశారు. వేదిక మీద ఆరోగ్యశాఖ కార్యదర్శి, ఆయన ముందు అద్దం, అద్దం ముందు మైకు. రెండో వరసలో డాక్టరమ్మ, అన్నయ్య, నేను. అన్నయ్య కుర్చీ కింద ఒక సంచి ఉంది.

"ఏంటది?" అన్నాను.

"దుప్పటి."

"ఎందుకు?"

"చూపిద్దామని. చూడకుండా ఎలా తెలుస్తుంది వాళ్లకి?"

డాక్టరమ్మ వంతు వచ్చింది. చక్కగా మాట్లాడింది. జబ్బు ఎవరి చేతుల మీదుగా పోతుందో వాళ్లందరూ ఆరోగ్య సిబ్బందే అంది. మంచం ఇచ్చేటప్పుడు చూడాల్సింది ప్రమాదాన్ని, గోడని కాదు అంది. చప్పట్లు కూడా కొట్టారు. కార్యదర్శి తలూపుతూ విన్నాడు. మర్యాదస్తుడు. మర్యాదగానే చెప్పాడు.

"మీ బాధ నాకర్థమైంది. అయితే నిపుణుల కమిటీ పరిశీలించింది. బట్టల వల్ల సోకే అవకాశం నామమాత్రం. పైగా లాండ్రీలు పరిశ్రమల కిందికి వస్తాయి, ఆరోగ్యశాఖ కిందికి రావు. సానుభూతి వేరు, విధానం వేరు."

"సార్," అంటూ అన్నయ్య లేచాడు. "నామమాత్రం అంటే?"

"అంటే... దాదాపు లేనట్టే."

"దాదాపు లేదు. సరే." అన్నయ్య వంగి సంచి తీశాడు. ఎర్ర సంచి. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి. మూతి విప్పి దుప్పటి బయటికి లాగాడు. రెండు మూలలు నాకిచ్చాడు. "పట్టుకోవే."

పట్టుకున్నాను. చేతులకి అలవాటు. ఎత్తాం.

ఫట్!

వదిన దులిపినట్టే దులిపాడు. ఆ చప్పుడుకి హాలంతా ఒక్కసారి లేచింది. కార్యదర్శి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. నిపుణుల కమిటీ పెద్దమనిషి బల్ల కింద దూరాడు. టీవీ అబ్బాయి కెమెరా వదిలేసి తలుపు వైపు ఉరికాడు. మా వెనక వరసలో డ్రైవర్ల సంఘం నాయకుడు, నిలువెత్తు మనిషి, కర్టెన్ వెనక దాక్కుని "నాకు షుగరుందిరా బాబూ" అని అరిచాడు. ఎవరో పూడుకుపోయిన గొంతుతో "బయటికి లాగండి వాణ్ని! చంపేస్తాడు!" అన్నారు.

అన్నయ్య దుప్పటి మడిచాడు. నిదానంగా, అంచుకి అంచు కలిపి.

"ఉతికిందే సార్," అన్నాడు. "నేను మరగబెట్టాను, నా చెల్లెలు ఇస్త్రీ చేసింది. వాసన చూడండి, సబ్బు వాసన. ఒక్కసారి దులిపితే బల్లల కింద దూరారే. మా ఆడవాళ్లు రోజంతా దులుపుతారు. ఉతకనివి."

బల్లల కింది నుంచి ఒక్కొక్కరే పైకి లేచారు. గెలిచాం అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

భయపడ్డ మనిషి క్షమించగలడేమో. భయపడుతూ పదిమంది కంటపడ్డ అధికారి క్షమించడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని దూరం నుంచే చదివాడు. అంటువ్యాధుల చట్టం కింద కేసు. ప్రాణాంతకమైన వ్యాధిని వ్యాపింపజేసే బట్టలతో జనం ప్రాణాలకి ముప్పు తలపెట్టినందుకు.

డాక్టరమ్మ అడ్డం నిలబడింది. "ఇప్పుడే కదండీ, బట్టల వల్ల ప్రమాదం లేదన్నది? ఉతికిన దుప్పటి ప్రాణాంతకం, ఉతకనిది నామమాత్రమా?"

"అవన్నీ కోర్టులో చెప్పుకోండి మేడమ్."

"దుప్పటి ఎవరిది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు నా వైపు చూసి.

నేను నోరు తెరిచేలోపు అన్నయ్య అన్నాడు. "నాది. చెల్లెల్ని మూల పట్టుకోమంది నేనే. దానికేం తెలీదు." పోతూ పోతూ నా వైపు తిరిగాడు. "బాయిలరు గేజు చూడమను ఎవరినైనా. నీళ్లు మరగకుండా మిషన్లోకి వదిలేస్తారు వెధవలు."

*

టీవీలో అన్నయ్యని రోగం బాంబు అన్నారు. కార్యదర్శి పడిపోవడం ఒక్కసారి కూడా చూపించలేదు. జీవో సవరణ వచ్చింది. అంబులెన్సు క్లీనర్లని చేర్చారు, శ్మశానం కాపలావాళ్లని చేర్చారు. మేం లేం.

ఆ రోజే మూటలు విప్పడం ఆపేశాం. ఎర్ర సంచులు కంత కింద గుట్టపడ్డాయి. "అన్నమూ కావాలి" అని పెరట్లో అరిచిన మనిషే ముందు చేతులు కట్టుకుని నిలబడింది. సూపర్‌వైజరు బతిమాలాడు, తిట్టాడు, చివరికి అందరినీ గేటు బయటికి తోశాడు. మర్నాడు లారీ వచ్చింది. ఎక్కడో పనుల్లేక పస్తులుంటున్న ఊళ్ల నుంచి తెచ్చిన ఆడవాళ్లు, మగవాళ్లు. మొహాలకి చీర కొంగులు, తువ్వాళ్లు. దిగి, మా వైపు చూడకుండా లోపలికి పోయారు.

షెడ్డుకి రోడ్డు వైపు కమ్మీల కిటికీ ఉంది. అది దులుపుడు గదిదే. మేం రోజూ దాని ఎదుటే కూర్చునేవాళ్లం. లోపలి నుంచి ఫట్, ఫట్ వినిపించేది. ప్రతి చప్పుడుకీ మావాళ్లు పళ్లు నూరేవాళ్లు.

"మా నోటి దగ్గర కూడు లాక్కున్నారు కదరా!" అని పెద్దమ్మ కమ్మీల దగ్గరికెళ్లి అరిచేది. "దులపండి, బాగా దులపండి! నాలుగు రోజులాగితే మీకే తెలుస్తుంది!"

నేనూ అరిచాను. సిగ్గుపడను, దాచను. ఆకలి వేసినవాడికి ఎదుట కనిపించేది ఆకలి వేసిన ఇంకొకడే. కాంట్రాక్టరు కనిపించడు. ఆయన ఇంట్లోంచి బయటికే రావడం లేదు, జబ్బుకి భయపడి.

అన్నయ్యని జైల్లో వేశారు. కాళ్లు చాపుకునే చోటు లేని గదిలో ఎందరినో కుక్కారట. అక్కడే జబ్బు అంటింది. ఒక పొద్దున డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"మీ అన్నయ్యని ఆసుపత్రికి తెచ్చారు. ఖైదీల వార్డులో ఉన్నాడు. నేను పక్కనే ఉన్నాను, మాట్లాడు."

మంచం మీద ఉన్నాడు! ఖైదీ ప్రభుత్వం బాధ్యతట. ఖైదీ చస్తే విచారణ ఉంటుంది. దుప్పట్లుతికే మనిషి చస్తే ఏ విచారణా ఉండదు. వదినకి దొరకని మంచం అతనికి చేతికి బేడీ వేశాక దొరికింది.

"ఏమే," అన్నాడు. గొంతు వదిన గొంతులాగే ఉంది, అదే చిల్లు. "మంచం దొరికింది. కార్డు కూడా అడగలేదు."

"మాట్లాడకు అన్నయ్యా, పడుకో."

"దుప్పటి చల్లగా ముతకవాసన వేస్తోంది. చన్నీళ్లలో ముంచి తీశారు. బాయిలరు ఎవడే చూస్తున్నాడు?"

"ఎవడో కొత్తవాడు."

కాసేపు ఊపిరి చప్పుడే. తర్వాత అన్నాడు. "కొత్తవాళ్లు దులుపుతున్నారా?"

"దులుపుతున్నారు."

"వాళ్లకెవరైనా చెప్పారా?"

కమ్మీల దగ్గర మేం అరిచిన మాటలు గుర్తొచ్చాయి.

"మనకెవరూ చెప్పలేదు కదే," అన్నాడు. "చెప్పండి వాళ్లకి."

మర్నాడు అన్నయ్య పోయాడు. పోయాక కూడా కాసేపు బేడీ తియ్యలేదట. తాళంచెవి ఉన్న పోలీసు భయపడి వార్డులోకి రానన్నాడట.

*

ఆ పొద్దున మావాళ్లందరూ కిటికీ ఎదురుగా చేరారు. విషయం చెప్పాను. అన్నయ్య అడిగింది కూడా చెప్పాను.

పెద్దమ్మ ఉమ్మేసింది. "చావనీ! వాళ్లకెందుకు చెప్పాలి? మన చోట్లో నిలబడ్డారు. మన జబ్బు కూడా తీసుకోనీ."

"తీసుకుంటారు పెద్దమ్మా. వాళ్లు పోతే ఇంకో లారీ వస్తుంది. లారీలకేం కరువు?"

"నీ అన్నని చంపింది వీళ్లు కాదా? వీళ్లు రాకపోతే కాంట్రాక్టరు దిగొచ్చేవాడు!"

"వాళ్లు రాకముందు వదినని ఎవరు చంపారు?"

నిజం చెప్పనా? నాకేమీ ఆశ లేదు. జీవో మారదు. మా పని మాకు రాదు. ఇంట్లో రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి. అయినా చెవిలో ఆ చిల్లుపడ్డ గొంతు తిరుగుతోంది.

కంతలోంచి మూటలు జారిన చప్పుడైంది. కమ్మీల దగ్గరికి వెళ్లాను. లోపల ఆకుపచ్చ రవికె వేసుకున్న ఒకమ్మాయి, ఎదురుగా ఇంకొకావిడ. ఎర్ర సంచి విప్పారు. దుప్పటి తీశారు. అది ఏ వార్డుదో, ఎవరిదో నాకు తెలీదు. అన్నయ్యది కావచ్చు. నాలుగు మూలలూ పట్టి పైకెత్తారు.

"దులపొద్దు!"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ అమ్మాయి చేతులు గాల్లో ఆగాయి. రోజూ తిట్లే వినిపించిన కిటికీ కదా, ఇంకో తిట్టనుకుని మొహం గట్టిపరుచుకుంది.

"తిట్టడం లేదమ్మా. దులపొద్దు. దులిపితే జబ్బు నీ మొహం మీదికే వస్తుంది. సంచి విప్పొద్దు."

"పనికి అడ్డం పడుతున్నావా అక్కా?"

"పని పోయింది, ఇంక అడ్డమెందుకు పడతాను? నీకు చెప్తున్నాను."

లోపల్నుంచి సూపర్‌వైజరు గొంతు. "ఏంటా ముచ్చట్లు? దులపవే!"

ఆ అమ్మాయి అటు చూసింది, ఇటు చూసింది. "దులపకపోతే పని పోతుంది కదక్కా," అంది గుసగుసగా.

"పోతుంది," అన్నాను. అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"దులిపితే?"

"నీ పక్కన గూడుంది చూడు. కళ్లజోళ్ల వెనక ఒక పిన్నుంటుంది, కొస వంకరపోయింది. అది మా వదినది. ఈ గదిలో అందరికన్నా గట్టిగా దులిపేది. దాని పక్కన ఇంకా చోటుంది."

ఆ అమ్మాయి గూటి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

నా వెనక ఎవరో కదిలారు. పెద్దమ్మ వచ్చి కమ్మీలు పట్టుకుంది. పొద్దున్నుంచీ శాపనార్థాలతో బొంగురుపోయిన గొంతుతో అరిచింది. "దులపొద్దే, తల్లీ! దులపొద్దు!"

తర్వాత అందరూ. రోడ్డు మీద నిలబడ్డవాళ్లందరూ. దులపొద్దు, దులపొద్దు. ఆ కేక షెడ్డు దాటి గోడ దాటి పోయింది. ఎడమపక్క బ్లాకు కిటికీల్లో తెల్లకోట్లు కనిపించాయి. వాటి మధ్య డాక్టరమ్మ చెయ్యెత్తింది.

వీధి చివర పోలీసు వ్యాను మలుపు తిరిగింది. గుంపులుగా చేరినందుకు, అంటువ్యాధుల చట్టం. ఆ పాఠం మాకు అప్పటికే కంఠతా వచ్చు. ఎవరూ పరుగెత్తలేదు.

సూపర్‌వైజరు దులుపుడు గది గుమ్మం దాకా వచ్చాడు. గుమ్మం దాటలేదు. అతనికీ తెలుసు.

"దులుపుతారా లేదా?" అన్నాడు అక్కణ్నుంచే.

ఆకుపచ్చ రవికె అమ్మాయి ఎదుటావిడకి కళ్లతో సైగ చేసింది. ఇద్దరూ చేతులు దించారు. దుప్పటిని ఎత్తకుండా, ఊపకుండా, నిద్రపోతున్న పిల్లని దించినట్టు నేల మీద దించారు.

"మీరొచ్చి దులపండి సార్," అంది ఆ అమ్మాయి.

వ్యాను తలుపులు తెరుచుకున్నాయి. నా భుజం మీద చెయ్యి పడింది. నేను మాత్రం కిటికీ వైపే చెవి పెట్టి విన్నాను. లోపల ఏ చప్పుడూ లేదు.